ఎర్ర తాళంచెవి లేని బండి

"అయ్యా, దాన్ని దింపుతారా, ఇక్కడే కాపురం పెడతారా?"

ఆ మాట నా వెనక నుంచి వచ్చింది. తిరిగి చూసే స్థితిలో లేను నేను.

మదెర్నో నుంచి సరస్సు దాటి తోర్రి రేవుకు వచ్చిన ఫెర్రీ అది. ఇనప తలుపు దిగి గట్టు మీద ఆనింది. ముందు మోటార్‌సైకిళ్లు దిగాలి, తరవాత కార్లు. అందరికంటే ముందు నేను, నా ఎర్ర బండి. కొని పన్నెండు రోజులైంది. తాళం తిప్పితే డయల్ మీద దీపాలన్నీ వెలిగి ఆరిపోయాయి, ఒక్కటి తప్ప. తాళంచెవి బొమ్మ ఉన్న పసుపు దీపం మాత్రం నన్నే చూస్తూ నిలబడింది. స్టార్టర్ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

వెనక ముప్పై కార్లు. ఒకడు హారన్ మొదలుపెట్టాడు, మిగతావాళ్లు అందుకున్నారు.

"బ్యాటరీ పోయినట్టుంది" అన్నాను, ఎవరితోనో తెలియదు.

"బ్యాటరీ పోతే దీపాలు ఎలా వెలిగాయి? ఏదీ, ఆ తాళాల దండ ఇటివ్వండి."

అప్పుడు చూశాను. నీలం స్కూటర్ మీద ఒక అమ్మాయి. హెల్మెట్ మోచేతికి తగిలించుకుంది. ఎండకి కళ్లు చికిలించి చూస్తోంది. జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంది కానీ, ఆ కళ్లలో ఉన్న వెటకారం మాత్రం పదిమంది ఆడవాళ్లకి సరిపోతుంది.

నేను ఇవ్వలేదు. తనే స్కూటర్ దిగి వచ్చి, నా బండి నుంచి తాళాల గుత్తి లాగేసింది.

"ఇదేంటి?"

"మా వర్క్‌షాప్ వ్యాన్ తాళంచెవి."

"ఇందులోనూ చిప్ ఉంది, బండి తాళంచెవిలోనూ ఉంది. బండి 'ఎవరు నువ్వు' అని అడిగితే రెండూ ఒకేసారి 'నేనే' అంటున్నాయి. ఇక అది ఎవరిని నమ్ముతుంది?"

చెబుతూనే నల్ల తాళంచెవి ఒక్కటీ గుత్తిలోంచి తీసి నా చేతిలో పెట్టింది. తిప్పాను. పసుపు దీపం రెండు క్షణాలు ఆలోచించి ఆరిపోయింది. లోపల పెట్రోలు లాగే పంపు సన్నగా మూలిగింది. స్టార్టర్ నొక్కగానే బండి ఒక్కసారి దగ్గి గర్జించింది.

పడవ మనిషి చెయ్యి ఊపుతూ కేకలు పెడుతున్నాడు. పదకొండింటికి మల్చెసినె కోటలో నా పని. నేను పియానోలకు శ్రుతి చేసేవాణ్ణి. ఆ సాయంత్రం అక్కడ కచేరీ. వియన్నా నుంచి వచ్చిన పియానిస్టు ఒక నిమిషం ఆలస్యమైనా ఊరుకునే మనిషి కాదని చెప్పారు. బండెక్కి ఎగిరి గట్టు మీద పడ్డాను. సగం దూరం పోయాక గుర్తొచ్చింది, ఆ అమ్మాయికి కనీసం థాంక్స్ చెప్పలేదని.

ముప్పావు దూరం పోయాక ఇంకోటి గుర్తొచ్చింది. నా ఇంటి తాళం, వ్యాన్ తాళం, వర్క్‌షాప్ తాళం, అన్నీ ఆమె చేతిలోనే ఉండిపోయాయి.

మధ్యాహ్నం పని ముగించేసరికి మా యజమానురాలు ఆర్జియాగారి ఫోన్. ఆవిడకి డెబ్భై ఏళ్లు. సాలోలో పియానోల వర్క్‌షాప్ ఆవిడదే. తాళాల గుత్తికి ఉన్న బిళ్ల మీద నంబరూ ఆవిడదే.

"లోరిస్, ఎవరో నివెస్ అట. నీ తాళాలు తన దగ్గరున్నాయట. తోర్రిలో చర్చి వెనక సందులో తాళాల షాపు. గొంతు బాగుంది. వెళ్లి తెచ్చుకో. చొక్కా శుభ్రంగా ఉందా?"

"తాళాల కోసం చొక్కా ఎందుకండీ?"

"అడిగినదానికి జవాబు చెప్పు."

షాపు చిన్నది. ఒక గోడ నిండా వందల తాళంచెవులు వేలాడుతున్నాయి, తలుపు తీస్తే గాలికి గలగలమన్నాయి. లోపల రంపం మిషన్ దగ్గర ఒక పెద్దాయన. నన్ను చూసి, నా బండిని చూసి, తల దించుకున్నాడు. ఆయన వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"వచ్చారా లోరిస్‌గారు" అంది నివెస్, లోపలి గదిలోంచి వస్తూ. "వయసు ఇరవై తొమ్మిది. పెళ్లి కాలేదు. కాఫీలో మూడు చెంచాల చక్కెర. పళ్లు పాడైపోతాయి."

"ఆర్జియాగారు చెప్పారా?"

"నేను అడిగింది మీ పేరొక్కటే. మిగతాది ఆవిడ ఇష్టంగా చెప్పారు. మా నాన్న ఒలిందో. నాన్నా, పొద్దున చెప్పానే, థాంక్స్ చెప్పకుండా పారిపోయిన మనిషి."

పెద్దాయన తల ఎత్తకుండానే "ఊఁ" అన్నాడు.

నేను మూడుసార్లు థాంక్స్ చెప్పాను. నాలుగోసారి చెప్పబోతుంటే తనే ఆపి, బండి దగ్గరికి నడిచింది.

"ఎన్ని తాళంచెవులు ఇచ్చారు దీనికి?"

"ఇదొక్కటే. నల్లది."

"ఎర్రది?"

"ఎర్రదేంటి?"

"కార్డు?"

"ఏ కార్డు?"

ఆమె నా మొహంలోకి జాలిగా చూసింది. చిన్నప్పుడే తల్లి నుంచి తప్పిపోయిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

"ఈ కాలం నాటి బండికి నల్లది రోజూ వాడుకోడానికి. ఎర్రది తల్లి. కొత్త నల్లది పుట్టాలంటే ఎర్రది ఉండాలి. అది కూడా లేకపోతే కార్డు ఉండాలి. దాని మీద అయిదంకెల నంబర్ ఉంటుంది, తాళంచెవి పలకకపోయినా ఆ నంబర్ చెబితే బండి నమ్ముతుంది. మూడూ పోతే బండి మెదడు మొత్తం మార్చాలి. అమ్మినవాడు మీకు ఇవన్నీ చెప్పలేదా?"

"రంగు బాగుందని చెప్పాడు."

పెద్దాయన మిషన్ దగ్గర నుంచి దగ్గు లాంటిది ఒకటి వినపడింది. అది నవ్వని తరవాత తెలిసింది.

ఆమె టార్చి పెట్టి తాళం చుట్టూ చూసింది. లోపల తీగ చుట్టిన ప్లాస్టిక్ రింగ్ ఒకటి ఉంది. తాళంచెవి చెప్పేది వినేది అదేనట, దాన్ని యాంటెన్నా అంటారట. దాని మీద వెంట్రుకంత పగులు.

"ఇది వేడెక్కితే చెవుడొస్తుంది దీనికి. కొత్త రింగ్ తెప్పిస్తాను, రావాలంటే ఆరు వారాలు. అందాకా ఎండలో పెట్టకండి. రెండు చిప్పులు ఒక గుత్తిలో వెయ్యకండి. మూడు చెంచాల చక్కెర వెయ్యకండి."

"పంపు మూలుగు వినపడకపోతే బండి నమ్మలేదని అర్థమా? పొద్దున మొదట తిప్పినప్పుడు వినపడలేదు. మీరు తాళం విడదీశాక వినపడింది."

ఆమె టార్చి ఆర్పింది. మొదటిసారి వెటకారం లేకుండా చూసింది. "అవును. చాలామందికి అది వినపడదు. హారన్ల మధ్య ఎలా విన్నారు?"

"వినడమే కదా నా పని."

ఆ చూపుతో నా పని అయిపోయింది.

మామూలుగా పియానో ఆరునెలలకోసారి శ్రుతి తప్పుతుంది. తోర్రి రేవు పక్కన ఉన్న హోటల్ పియానో మాత్రం వారానికి రెండుసార్లు తప్పడం మొదలుపెట్టింది. హోటలాయన అమాయకుడు. "సరస్సు గాలి" అని చెబితే నమ్మాడు. వచ్చినప్పుడల్లా బండి షాపు ముందు ఆగేది. ఒకసారి అద్దం వదులైందని, ఒకసారి చైను శబ్దం తేడాగా ఉందని.

"చైను శబ్దం ఏ స్వరంలో ఉంది?" అని అడిగేది నివెస్.

"కోమల గాంధారం."

"మంచిదే కదా. మార్చడం ఎందుకు?"

మూడో వారానికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నేను పియానో తీగల కథలు చెప్పేవాణ్ణి. తను తాళాల కథలు చెప్పేది. భర్త మీద కోపంతో ఇంటి తాళాలన్నీ మార్పించి, సాయంత్రానికి పాత తాళాలే మళ్లీ పెట్టమని వచ్చిన టీచరమ్మ. తాత పెట్టె తెరిస్తే లోపల ఇంకో పెట్టె, దానిలో ఇంకో తాళంచెవి, దేనిదో ఎవరికీ తెలియదు. గట్టు మీద కూర్చుని పీచ్ పళ్లు తింటూ, రసం మోచేతుల దాకా కారుతుంటే నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు ఆమె నవ్వకుండా చెప్పింది.

"బొలోన్యా దగ్గర ఒక రేసింగ్ టీమ్ ఉంది. బండ్ల వైరింగ్ చూసే మనిషి కావాలట. దరఖాస్తు పెట్టాను. పిలిచారు. జూలై ఆఖరి శుక్రవారం రెండింటికి. ఒక చెడిపోయిన బండి ముందు పెట్టి గంటలో బాగు చెయ్యమంటారు."

"నువ్వు అరగంటలో చేస్తావు."

"చేస్తే ఏడాదిలో ఎనిమిది నెలలు బయటే. స్పెయిన్, పోర్చుగల్, ఖతార్, ఎక్కడ రేసు ఉంటే అక్కడ." నా వైపు చూడకుండా పీచ్ గింజని నీళ్లలోకి విసిరింది. "వెళ్లనా?"

"వెళ్లాలి" అన్నాను. బాగానే అన్నాను. ఇంటికెళ్లాక మాత్రం కాఫీలో చక్కెర ఎంత వేసినా చేదుగానే ఉంది.

ఆ భయంలోనే నేను వెధవ పని చేశాను.

జూలై మధ్యలో ఒక మధ్యాహ్నం తోర్రికి పది కిలోమీటర్లు పైన, కాస్తెల్లెత్తో ఊళ్లో నీటి ఒడ్డు కాఫీ షాపు ముందు బండి ఆపాను. వ్యాన్ తాళంచెవిని బండి తాళంచెవికి దారంతో కట్టాను. తిప్పాను. పసుపు దీపం చక్కగా వెలిగింది. నివెస్‌కి ఫోన్ చేశాను.

"ఆగిపోయింది. ఎంతకీ కదలట్లేదు."

"షాపులో పని ఉంది లోరిస్..."

"నడిరోడ్డు మీద ఉన్నాను."

ఇరవై నిమిషాల్లో నీలం స్కూటర్ వచ్చింది. ఆమె బండిని చూసింది, దారాన్ని చూసింది, నా వెనక బల్ల మీద రెండు కాఫీ కప్పుల్ని చూసింది. పెదవి చివర నవ్వు మొదలైంది. అది పూర్తయ్యేలోపు ఆమె ఫోన్ మోగింది.

వాళ్ల నాన్న. మాటలు నాకు వినపడలేదు, ఆమె మొహం కనపడింది. రంగు పోయింది.

ఫోన్ పెట్టేసి నెమ్మదిగా చెప్పింది. "నేను బయల్దేరాక ఒక హాలండ్ జంట వచ్చారు. తాళంచెవి లోపలే ఉండి కారుకి తాళం పడిపోయింది. లోపల కుక్క. ఎండలో. నాన్న చేతులు వణికి తీగ లోపలికి దూర్చలేకపోయాడు. పది నిమిషాలు ప్రయత్నించి సుత్తితో అద్దం పగలగొట్టాడట. కుక్క బతికింది."

"నివెస్, నాకు తెలియదు..."

"నీకు తెలియదు. నాకు తెలుసు. నేను అక్కడ ఉంటే ఒక నిమిషం పని." దారం పట్టుకుని పుటుక్కున తెంపింది. "కాఫీకి పిలిస్తే వచ్చేదాన్ని. అబద్ధం ఎందుకు ఆడావు?"

స్కూటర్ వెళ్లిపోయింది. రెండు కప్పులూ నేనే తాగాను, శిక్షలాగా.

తరవాత రెండు వారాలు ఆమె ఫోన్ ఎత్తలేదు. పువ్వులు పంపితే తిరిగొస్తాయని తెలుసు. ఆలోచించగా ఒక్కటే తోచింది. ఎర్ర తాళంచెవి వెతకాలి. దొరికితే ఇక దొంగ కబురు పంపే సాకు నాకు ఉండదు. ఆ మాట ఆమెకి చెప్పాలి.

బ్రెషాలో బండి అమ్మినవాణ్ణి పట్టుకున్నాను. వాడు ఇంకొకడి పేరు చెప్పాడు, వాడు లోవెరె అనే ఊళ్లో ఒక రిటైరైన పళ్ల డాక్టరు పేరు చెప్పాడు. ఎండలో బండిని నమ్మక బస్సులో వెళ్లాను. డాక్టరుగారు టమాటా మొక్కలకి నీళ్లు పోస్తూ ఆలోచించాడు.

"ఎర్రదా? అది సరస్సులో పడిపోయింది, ఏడేళ్లయింది. కార్డు మాత్రం ఉండాలి. అవును, కారులో ఉంది. చలికాలం అద్దం మీద మంచు గీకడానికి చాలా బాగుంటుంది."

కార్డు తెచ్చి ఇచ్చాడు. ఒక అంచు మొత్తం అరిగిపోయింది. నంబర్ మీద గీతలు. మొదటి మూడంకెలు తెలుస్తున్నాయి, చివరిదీ తెలుస్తోంది. నాలుగోది మూడో ఎనిమిదో దేవుడికే తెలియాలి.

అది గురువారం. మర్నాడు పొద్దున పది కావస్తుండగా తోర్రిలో దిగాను. ఆమె పరీక్షకి వెళ్లేరోజు అదేనని తెలుసు. పొద్దునే బస్సెక్కి పోయి ఉంటుంది, కార్డు వాళ్ల నాన్న చేతిలో పెట్టి, తల వంచుకుని నాలుగు మాటలు పడి వెనక్కి వచ్చేద్దాం అనుకున్నాను.

షాపు ముందే నిలబడి ఉంది. భుజాన సంచి, ఇస్త్రీ చొక్కా, ఎర్రబడ్డ కళ్లు. పక్కన ఒలిందోగారు చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నారు.

"గార్దా ఊరి దగ్గర లారీ అడ్డంగా పడింది" అన్నారాయన, నన్ను చూసి. "బస్సులు ఆపేశారు. నా వ్యాను ఆ రద్దీలో కదలదు, దీని స్కూటర్ టైరు నిన్ననే పగిలింది. పెస్కియెరాలో పదీ యాభై ఆరుకి రైలు."

నివెస్ నా వైపు చూసింది. రెండు వారాల తరవాత మొదటి మాట. "నీ బండి సందుల్లోంచి దూరుతుందా?"

"దూరుతుంది. ఎక్కు."

రెండో హెల్మెట్ ఒలిందోగారు తెచ్చి ఇచ్చారు. ఆమె వెనక కూర్చుంది. తాళం తిప్పాను.

పసుపు దీపం ఆరలేదు.

తీసి మళ్లీ తిప్పాను. ఆరలేదు. ఫెర్రీ మీద ఎండలో కాగింది, ఇంజన్ వేడి తోడై రింగ్‌కి చెవుడొచ్చింది. పంపు మూలగలేదు.

ఆమె దిగింది. ముందుకొచ్చి నా ఎదురుగా నిలబడింది. గొంతు చాలా తగ్గించి అడిగింది.

"లోరిస్, ఇది కూడా నీ పనేనా? నేను వెళ్లకూడదనా?"

తాళంచెవి తీసి చూపించాను. ఒక్కటే. దారం లేదు, గుత్తి లేదు. ఆమె నమ్మిందో లేదో తెలియదు. బండి పక్కన చతికిలపడి మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

కార్డు నా చొక్కా జేబులో ఉంది.

నిజం చెబుతున్నాను. ఆ క్షణంలో నా చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగింది. కార్డు సంగతి ఎవరికీ తెలియదు. తీయకపోతే రైలు వెళ్లిపోతుంది. నివెస్ ఇక్కడే ఉంటుంది, సందు చివర, పీచ్ పళ్ల కాలంలో, చలికాలంలో, ఎప్పుడూ. నేను మోసం చేసినట్టు కూడా కాదు. బండే ఆగింది.

అర నిమిషం పట్టింది నాకు. అప్పుడు ఆమె తల ఎత్తి, వాళ్ల నాన్నతో, "పోనీలే నాన్నా" అంది. ఆ 'పోనీలే' నేను వినలేకపోయాను.

"ఇదిగో" అన్నాను. కార్డు ఆమె ఒళ్లో పెట్టాను.

ఆమె దాన్ని తిప్పి చూసింది. నన్ను చూసింది. ఎక్కడిదని అడగలేదు. ఒక్క ఎగురున లేచింది.

"నాలుగోది మూడా, ఎనిమిదా?"

"తెలియదు."

"సరే. తాళం తిప్పు. గ్రిప్పు నేను తిప్పుతాను, అంకెలు నువ్వు లెక్కపెట్టు. నా గుండె నోట్లో ఉంది, నాకు లెక్క తప్పుతుంది."

నేను తాళం తిప్పాను. ఆమె యాక్సిలరేటర్ గ్రిప్పు పూర్తిగా తిప్పి పట్టుకుంది. దీపం వెలిగే ఉంది. ఒకటి, రెండు... ఎనిమిది దాకా లెక్కపెట్టాను. దీపం ఆరింది. ఆమె గ్రిప్పు వదిలింది. ఇప్పుడు దీపం మెల్లగా మిణుకు మిణుకుమనడం మొదలుపెట్టింది. ఎన్నో అంకె కావాలో అన్ని మిణుకులు లెక్కపెట్టి, అక్కడ గ్రిప్పు తిప్పి వదలాలి. అయిదంకెలూ అలాగే. ఒక్క మిణుకు తప్పితే మొదటి నుంచి.

"రెండు... ఇప్పుడు."

తిప్పింది. వదిలింది.

"ఆరు... ఇప్పుడు."

సందులోవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. రొట్టెల షాపావిడ చేతికి పిండితోనే నిలబడింది.

"ఒకటి... ఇప్పుడు. మూడు... ఇప్పుడు. నాలుగు... ఇప్పుడు."

దీపం ఒక్క క్షణం ఆరి, మళ్లీ కదలకుండా వెలిగింది. నమ్మలేదు.

"ఎనిమిది" అంది నివెస్. ఆమె చెయ్యి వణుకుతోంది. వాళ్ల నాన్న చేతిలాగే. నా చెయ్యి ఆమె చేతి మీద వేశాను. తీసెయ్యలేదు. అలాగే మళ్లీ మొదలుపెట్టాం. రెండు. ఆరు. ఒకటి.

"అయిదు... ఆరు... ఏడు... ఎనిమిది. ఇప్పుడు."

రెండు చేతులూ కలిసి తిప్పాయి.

"నాలుగు. ఇప్పుడు."

దీపం గబగబా కొట్టుకుని ఆరిపోయింది. పంపు మూలిగింది. అంత శ్రావ్యమైన ధ్వని నేను ఏ పియానోలోనూ వినలేదు. స్టార్టర్ నొక్కగానే సందంతా గోలగా చప్పట్లు. ఒలిందోగారు మాత్రం గడియారం చూసి, "పదీ పన్నెండు. పోండి" అన్నారు.

ఆగిపోయిన కార్ల మధ్య, లారీ చక్రాల పక్కన మూరెడు సందులో, పోలీసులు తిట్టేలోపు దాటేశాం. గార్దా, బర్దొలీనో, లజీజె, అన్నీ వెనక్కి పోయాయి. సరస్సు కుడిపక్కన మెరుస్తూనే ఉంది. ఆమె చేతులు నా నడుం చుట్టూ గట్టిగా ఉన్నాయి. వేగానికో ఇంకెందుకో అడిగే ధైర్యం లేదు. తాళం తీస్తే మళ్లీ నంబర్ కొట్టాలి కాబట్టి, స్టేషన్ ముందు ఇంజన్ నడుస్తుండగానే బండి వదిలేసి పరుగెత్తాం.

రైలు ఆగి ఉంది. ఆమె ఎక్కింది. తలుపులో నిలబడి ఊపిరి తీసుకుంటూ, "ఈ కార్డు కోసం ఎక్కడికెళ్లావు?" అంది.

"అది తరవాత. ఒకటి చెప్పాలి. కార్డు జేబులో పెట్టుకుని అర నిమిషం ఊరుకున్నాను. తీయకపోతే నువ్వు ఉండిపోతావని. దొంగ బుద్ధే. ఎందుకంటే నివెస్, నువ్వంటే నాకు..."

తలుపు మూసుకుంది.

అద్దం అవతల ఆమె పెదవులు కదిలాయి. ఏమందో తెలియలేదు. రైలు వెళ్లిపోయింది.

బయటికొచ్చేసరికి బండి పక్కన ఒక పోలీసావిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నది. "అమ్మాయికి రైలు దొరికిందా?" అని అడిగింది. దొరికిందన్నాను. "అయితే ఇంజన్ ఆపు" అంది.

ఆపాను. ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. అక్కడే చెట్టు నీడన బెంచీ మీద కూర్చున్నాను.

రెండున్నరకి ఒక బస్సు వచ్చింది. అందులోంచి ఒలిందోగారు దిగారు. చేతిలో చిన్న అట్టపెట్టె, స్క్రూడ్రైవర్ల సంచి.

"దారి తెరిచారు. నువ్వు ఇక్కడే ఉంటావనుకున్నా" అన్నారు. "నీ రింగ్ ఇవాళ పదకొండింటికి పోస్టులో వచ్చింది. రెండు గంటలు ముందొస్తే దాని సొమ్మేం పోయింది. విప్పు."

"నేనా?"

"నా చేతులు చూశావుగా. నేను చెబుతా, నువ్వు విప్పు."

విప్పాను. ఆయన చెప్పినట్టు మరలు వరసగా రుమాలు మీద పెట్టాను. పగిలిన రింగ్ తీసి కొత్తది కూర్చోబెట్టాను. పని మధ్యలో, మొహం చూడనక్కర్లేని సమయంలో అన్నాను.

"ఆ రోజు కుక్క సంగతి. తప్పు నాదండీ."

"నీదే" అన్నారు. "నలభై ఏళ్లలో అద్దం పగలగొట్టడం అదే మొదలు. ఆ రాత్రి నివెస్ బొలోన్యా వెళ్లనంది. షాపు ఎవరు చూస్తారంది. ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

నేను ఇంకో మర బిగించాను.

"పొద్దున బస్సు రాదని తెలిసినప్పుడు" అన్నారు ఆయన, సరస్సు వైపు చూస్తూ, "నాకు ఒక్క నిమిషం సంతోషం వేసింది. తండ్రికి వెయ్యకూడనిది. ఎవరికీ చెప్పకు."

"నాకు అర నిమిషం వేసింది."

ఆయన నా వైపు తిరిగారు. "అయితే నాకంటే నయం" అన్నారు.

కొత్త రింగ్‌తో తాళం తిప్పాను. దీపం వెంటనే ఆరింది. ఆయన తల ఊపి, "నేను ఫోన్ చేసుకొస్తా" అని స్టేషన్ లోపలికి వెళ్లారు. తిరిగొస్తూ రెండు ఐస్‌క్రీములు తెచ్చారు. ఇద్దరం బెంచీ మీద కూర్చుని తిన్నాం.

ఏడూ ఇరవైకి రైలు వచ్చింది. ఎండ ఇంకా పచ్చగా ఉంది. నివెస్ దిగింది. ఇస్త్రీ చొక్కా మోచేతుల దాకా మడిచి ఉంది, చెంప మీద గ్రీజు మరక. ఇద్దరినీ ఒకే బెంచీ మీద చూసి ఆగిపోయింది.

"నలభై నిమిషాలు" అంది. "సీటు కింద ఒక తీగ నలిగిపోయి ఉంది. ఎవరూ అక్కడ వెతకలేదట. సెప్టెంబర్ ఒకటిన రమ్మన్నారు."

ఒలిందోగారు కూతురి తల దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టారు. ఆ తరవాత గోడ మీది బస్సుల పట్టిక చదవడానికి వెళ్లారు. చాలా శ్రద్ధగా చదివారు.

నివెస్ నా ముందుకొచ్చింది. "పొద్దున తలుపు మూసుకుంది. సగమే వినపడింది."

"ఏ సగం?"

"నువ్వు దొంగవన్న సగం. రెండోది చెప్పు."

చెప్పాను. "నువ్వంటే నాకు ఇష్టం. నువ్వు ఉంటే ఇష్టం. వెళ్లినా ఇష్టమే, కాకపోతే కష్టంగా ఉంటుంది."

"ఎనిమిది నెలలు."

"లెక్కపెట్టడం నాకు వచ్చు."

ఆమె నవ్వలేదు. రెండు చేతులతో నా చెవులు పట్టుకుని ముందుకు లాగి ముద్దు పెట్టుకుంది. గ్రీజు మరక నా చెంపకీ అంటింది. విడిచిపెట్టి, "అద్దం వెనక నేనూ అదే అన్నాను" అంది. "చదువుకోవాల్సింది. చెవులు తప్ప కళ్లు పనిచెయ్యవా నీకు?"

ఒలిందోగారు గట్టిగా దగ్గారు.

"ఏడూ నలభై బస్సులో నేను వెళ్తాను. మీరు బండి మీద నెమ్మదిగా రండి. ఆలస్యం చెయ్యకండి, ఇంట్లో మొక్కజొన్న పొలెంటా చల్లారితే రాయి అవుతుంది."

"లోరిస్ కూడానా నాన్నా?" అంది నివెస్. "అమ్మకి చెప్పాలిగా."

ఆయన బస్సు ఆగే చోటికి నడుస్తూనే, వెనక్కి తిరగకుండా అన్నారు.

"నాలుగు కంచాలు పెట్టమని మీ అమ్మకి మూడింటికే ఫోన్ చేసి చెప్పాను."